గోరింటాకు వేళ్ళు, హ్వారెస్ వంతెన: నా స్టాంపింగ్ అనుభవం

2014 జనవరి. సంక్రాంతి వెళ్ళిన వారం. మే నెలలో తమ్ముడి పెళ్ళి. నా పాస్‌పోర్టులో వీసా స్టాంపు అయిపోయి అప్పటికే ఏడాది దాటింది. కంపెనీ మారినప్పుడు హెచ్1బి (అమెరికాలో ఉద్యోగానికి ఇచ్చే వీసా) పిటిషన్ కొత్తది వచ్చింది గానీ, దేశం దాటి బయటికి వెళ్తే తప్ప స్టాంపు వేయరు. ఇండియా వెళ్ళాక పెట్టుకుందామంటే ఉన్న మూడు వారాల సెలవులో పెళ్ళి పనులు చూడాలా, కాన్సులేట్ చుట్టూ తిరగాలా? అప్పట్లో డాలస్‌లో మనవాళ్ళు చాలామంది చేసినట్టే నేనూ మెక్సికో పెట్టుకున్నాను. స్లాటు అమెరికా సరిహద్దులో ఉన్న సియుడాడ్ హ్వారెస్‌లో దొరికింది. మనం జువారెజ్ అని రాస్తాం, అక్కడివాళ్ళు పలికేది హ్వారెస్.

అమ్మకి ఫోన్లో చెబితే "అదెక్కడి ఊరే తల్లీ" అంది. మా ఆయన ఊరి పేరు గూగుల్‌లో కొట్టి, మూడు నాలుగేళ్ళ కిందటి హత్యల వార్తలన్నీ చదివేసి ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. "మీరు పాపని చూసుకోండి చాలు" అని చెప్పి బయల్దేరాను.

హ్వారెస్‌కి ఎదురుగా అమెరికా వైపున్న ఎల్ పాసోలో దిగి, మెక్సికో వీసా చూపించి, హోటల్ వాళ్ళ వ్యాన్‌లో అవతలికి వెళ్ళిపోయాను. వెళ్ళేటప్పుడు ఏ వంతెన దాటామో కూడా చూసుకోలేదు. ఒళ్ళో ప్లాస్టిక్ ఫోల్డరు. డిఎస్-160 అనే వీసా దరఖాస్తు కాగితం, 190 డాలర్ల ఫీజు రసీదు, పిటిషన్, పే స్టబ్బులు, క్లయింట్ లెటరు, డిగ్రీ, పెళ్ళి ఫోటోలు కూడా. పెళ్ళి ఫోటోలు ఎందుకంటే నా దగ్గర జవాబు లేదు. ఎవరో తీసుకెళ్ళమన్నారు.

మొదటి రోజు వేలిముద్రలు, ఫోటో. ఇక్కడే నా మొదటి టెన్షన్. పండక్కి పక్కింటి అక్క గోరింటాకు పెడుతుంటే నేనూ చేతులు చాపాను. అరచేతిలో చుక్కలు, వేళ్ళ చివర్లకి టోపీలు. బయల్దేరే ముందు రోజు ఆఫీసులో ఒకబ్బాయి చూసి, "ఇదేంటండీ, స్టాంపింగ్‌కి వెళ్తూ వేళ్ళకి గోరింటాకా? మెషీన్ తీసుకోదు!" అన్నాడు. ఆ రాత్రి గిన్నెలు తోమే పీచుతో వేళ్ళు రుద్దుకున్నాను. ఎరుపు పోలేదు, చర్మం మాత్రం మంటెక్కింది. అక్కడ కౌంటర్లో కుర్రాడు నా కుడి చేయి గాజు పలక మీద పెట్టమన్నాడు. ఎర్ర లైటు. మళ్ళీ పెట్టమన్నాడు. మళ్ళీ ఎర్ర లైటు. అప్పుడు తడి టిష్యూ ఒకటి ఇచ్చి, తుడుచుకోమని, తనే నా నాలుగు వేళ్ళ మీద తన చేయి ఆనించి కిందికి నొక్కాడు. పచ్చ లైటు. గోరింటాకు కాదట, పొడి చర్మం. ఎడారి చలికి చాలామందికి అలాగే అవుతుందట. ఈ ముక్క ముందే ఎవరైనా చెప్పి ఉంటే నా వేళ్ళ తోలు మిగిలేది. వెళ్ళేవాళ్ళు జేబులో చిన్న వాజిలిన్ డబ్బా పెట్టుకోండి.

రెండో రోజు ఇంటర్వ్యూ. ఫోను, బ్యాగు ఏదీ లోపలికి రానివ్వరు. కిటికీ దగ్గర మూడే ప్రశ్నలు: ఏం పని చేస్తారు, ఎవరికి చేస్తారు, జీతం ఎంత. పెళ్ళి ఫోటోల వైపు ఎవరూ చూడలేదు. అప్రూవ్డ్ అన్నారు. ఇంకా పరిశీలించాలని ఆపేసే 221జి కాగితం చేతికి రాలేదు, అదే పదివేలు. పాస్‌పోర్టు కొరియర్ ఆఫీసుకి వచ్చేదాకా రెండు రోజులు ఆగాలి. ఒకసారి వీసాకి అప్లై చేశాక అది చేతికి వచ్చేదాకా వెనక్కి వెళ్ళే దారి లేదు. ఇంట్లో నాలుగేళ్ళ పిల్ల, నేనేమో ఒక హోటల్ గదిలో, మూడు వందల ఛానెళ్ళ స్పానిష్ టీవీ ముందు.

అసలు నేను రాయాలనుకున్నది ఆ రెండు రోజుల గురించి.

కాన్సులేట్ చుట్టుపక్కల హోటళ్ళలో మనలాంటివాళ్ళు తక్కువ. ఎక్కువమంది గ్రీన్ కార్డు కోసం వచ్చిన మెక్సికన్ కుటుంబాలు. వాళ్ళకి ఇంటర్వ్యూ ముందు మెడికల్ ఉంటుంది. రక్తం, ఛాతీ ఎక్స్‌రే, టీకాలు. పొద్దున్నే టిఫిన్ బల్లల దగ్గర పిల్లలు చొక్కా చేతులు పైకి మడిచి, దూది అంటించుకుని కూర్చునేవాళ్ళు. నా బల్ల దగ్గర ఒక పెద్దావిడ కూర్చుంది. ఎల్ పాసోలో బడిపంతులమ్మగా చేసి రిటైరయింది. మేనకోడలికి తోడొచ్చింది. ఇంగ్లీషు నాకన్నా బాగా మాట్లాడుతుంది. ఆ పిల్ల మెడికల్ గురించి మాట్లాడుతూ, "మా అవ్వ కాలంలో అయితే దీనికి కిరసనాయిలు వాడేవాళ్ళు" అంది.

నేను జోక్ అనుకున్నాను. కాదట. వాళ్ళ అవ్వ హ్వారెస్‌లో ఉంటూ ఎల్ పాసోలో ఇళ్ళల్లో పనికి వెళ్ళేది. వంతెన దాటేటప్పుడు అమెరికా వైపు ఒక షెడ్డులోకి పంపి, బట్టలు విప్పించి, తలకి కిరసనాయిలు పట్టించేవాళ్ళు. "ఆవిడ ఆ సంగతి ఎక్కువ చెప్పేది కాదు. పొద్దున ట్రామ్‌లో పక్కన కూర్చున్న మనిషి ఆ రోజు వంతెన దాటొచ్చిందో లేదో వాసనని బట్టి తెలిసేదని మాత్రం అనేది."

కిరసనాయిలు అనగానే నా ముక్కుకి తగిలింది హ్వారెస్ కాదు, రేపల్లె దగ్గర మా అమ్మమ్మ వాళ్ళ ఊరు. వేసవి సెలవుల్లో పిల్లలందరం ఒకచోట పడుకునేవాళ్ళం, ఒకరి తల నుంచి ఇంకొకరి తలకి పేలు పాకేవి. అమ్మమ్మ అరుగు మీద కూర్చుని, నన్ను కింద మెట్టు మీద తన కాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుని పేల దువ్వెనతో దువ్వేది. దొరికిన పేనుని గోటి మీద పెట్టి రెండో గోటితో టక్కున నొక్కేది. ఆ చప్పుడు వింటే మాకు నవ్వు. ఈపులు ఎక్కువైతే కిరసనాయిలు కొబ్బరినూనెలో కలిపి పట్టించి, పాత చీర ముక్క చుట్టి, "పొయ్యి గడప తొక్కావంటే కాళ్ళు విరగ్గొడతా" అనేది. వంటింటి వైపు వెళ్ళనిచ్చేది కాదు. తల మండిపోయేది, కళ్ళల్లో నీళ్ళు. ఒక గంట అరుగు మీదే శిక్ష. (ఇప్పుడు పిల్లలకి ఈ వైద్యం చేయకండి. అప్పటికి తెలిసింది అంతే.)

ఆ రాత్రి హోటల్ వైఫైలో కూర్చుని తవ్వడం మొదలుపెట్టాను. డాలస్ తిరిగొచ్చాక కూడా చాలా నెలలు చదివాను.

ముందు, ఆ కిరసనాయిలు వెనకున్న జబ్బు గురించి. దాని పేరు టైఫస్. టైఫస్ వేరు, మన టైఫాయిడ్ వేరు. టైఫాయిడ్ నీళ్ళతో, తిండితో వస్తుంది. టైఫస్ పేలతో వస్తుంది, అదీ తల పేలతో కాదు. బట్టల మడతల్లో, కుట్లలో ఉండే పేలతో. వీటికి తెలుగులో చక్కటి పేరు ఉంది, చీరపేలు. చార్లెస్ నికోల్ అనే ఫ్రెంచి డాక్టరు 1909లో ట్యునిస్‌లో ఈ సంగతి కనిపెట్టాడు. టైఫస్ రోగులు ఊళ్ళో ఇంటిల్లిపాదికీ అంటిస్తున్నారు, ఆస్పత్రి వాకిట్లో వాళ్ళ బట్టలు తీసుకునేవాళ్ళకీ అంటిస్తున్నారు. కానీ స్నానం చేయించి ఆస్పత్రి బట్టలు వేశాక వార్డులో ఎవరికీ అంటించడం లేదు. అంటే జబ్బు మనిషిలో కాదు, విప్పేసిన బట్టల్లో ఉంది. దీనికి ఆయనకి 1928లో నోబెల్ ఇచ్చారు. మెక్సికో సిటీలో ఇదే జబ్బు మీద పనిచేస్తూ హోవర్డ్ రికెట్స్ అనే అమెరికన్ 1910లో దానితోనే చనిపోయాడు. కాబట్టి భయం ఊరికే పుట్టింది కాదు. మెక్సికోలో విప్లవం నడుస్తోంది, జనం రైలు పెట్టెల మీద ఎక్కి ఊళ్ళు వదిలి వస్తున్నారు, 1915-16లో మెక్సికో సిటీలో టైఫస్ నిజంగానే చెలరేగింది.

కానీ ఎల్ పాసోలో కేసులు కొన్నే. వాటికన్నా అక్కడి మేయరు టామ్ లీ భయమే పెద్దది. పేను పట్టు బట్టకి అంటుకోదని ఎవరో చెబితే ఆయన పట్టు లోదుస్తులు వేసుకునేవాడని చెబుతారు. మెక్సికన్ పేటలో ఇల్లిల్లూ వెతికించాడు. ఎవరికైనా పేలు కనిపిస్తే గుండు, కిరసనాయిలు, వెనిగరు. వాషింగ్టన్‌కి తంతి మీద తంతి కొట్టించి, సరిహద్దులో క్వారంటైన్ పెట్టమని అడిగాడు. పేనుకి పెత్తనమిస్తే తలంతా గొరిగిందట అని మనవాళ్ళు ఊరికే అనలేదు.

1916 మార్చి 6న సిటీ జైల్లో జరిగింది చదివినప్పుడు లాప్‌టాప్ మూసేశాను. ఖైదీలకి పేలు పోవడానికి తొట్టెల్లో పెట్రోలు, కిరసనాయిలు కలిపిన ద్రావణంతో స్నానం చేయిస్తున్నారు. యాభై మంది దాకా బట్టల్లేకుండా ఉన్నారు. ఎవరో అగ్గిపుల్ల గీశారు. ఇరవై మందికి పైగా కాలిపోయారు. మూడు రోజుల తర్వాత మెక్సికో విప్లవ నాయకుడు పాంచో వియా మనుషులు న్యూ మెక్సికోలోని కొలంబస్ ఊరి మీద పడ్డారు. జైలు మంటలకి అది ప్రతీకారమని చాలామంది నమ్మారు. నాకు మాత్రం అమ్మమ్మే గుర్తొచ్చింది. బడి మొహం చూడని మనిషి. కిరసనాయిలు తల మీద ఉండగా పొయ్యి గడప తొక్కనిచ్చేది కాదు.

1917 జనవరిలో వంతెన దగ్గర స్నానాల ప్లాంటు పెట్టారు. నడిపింది ఫెడరల్ ప్రభుత్వ ఆరోగ్య శాఖ. దాని పద్ధతి చదువుతుంటే నా పక్కన బల్ల మీద నా ఫోల్డరు ఉంది. వరసలో నేను దాటిన కౌంటర్లు కూడా గుర్తొస్తున్నాయి, కాబట్టి ఆ వరసలోనే చెబుతాను.

ఆడవాళ్ళు ఒక వైపు, మగవాళ్ళు ఒక వైపు. ఒంటి మీద ఉన్నవన్నీ విప్పి మూట కట్టి ఇవ్వాలి. బట్టలు ఆవిరి యంత్రంలోకి పోతాయి. ఆవిరికి ఆగని బూట్లు, బెల్టులు, టోపీలు సైనైడ్ వాయువు పట్టిన గదిలోకి పోతాయి. మనిషిని తల నుంచి కాలి దాకా వెతుకుతారు. పేను కనిపించిందా, మగవాడికి జుట్టు మెషీన్‌తో గొరిగేస్తారు. ఆడమనిషికి కిరసనాయిలు, వెనిగరు పట్టించి తువ్వాలు చుట్టి అరగంట కూర్చోబెడతారు. తర్వాత సబ్బు, కిరసనాయిలు కలిపిన నీళ్ళు షవరులా మీద కొడతారు. మూట తిరిగొస్తుంది, ముడతలు పడి, కొన్నిసార్లు కుంచించుకుపోయి. మశూచి టీకా ఉంటే సరే, లేకపోతే అక్కడే వేస్తారు. చివరికి చేతిలో ఒక చీటీ: స్నానం అయింది, పేలు తీశారు, టీకా వేశారు, సామాను శుద్ధి చేశారు. ఆ చీటీ రోజూ దాటేవాళ్ళకి వారం రోజులే చెల్లుతుంది. తర్వాత మళ్ళీ మొదటి నుంచి.

నా హెచ్1బి ఆమోద పత్రం, ఐ-797, మూడేళ్ళు చెల్లుతుంది. దానికే నేను క్యాలెండర్లో ఆరు నెలల ముందు ఎర్ర చుక్క పెట్టుకుంటాను.

జనవరి 28, ఆదివారం. పొద్దున ఏడున్నర ప్రాంతంలో హ్వారెస్ వైపు నుంచి ట్రామ్ వచ్చింది. అందులో కార్మెలీటా టోర్రెస్ అనే పదిహేడేళ్ళ పిల్ల ఉంది. ఎల్ పాసోలో ఇళ్ళల్లో పనిమనిషి. దిగి స్నానానికి వెళ్ళమన్నారు. వెళ్ళనంది. తనొక్కతే కాదు, ట్రామ్‌లో ఉన్న ముప్పై మంది ఆడవాళ్ళనీ ఒప్పించింది. స్నానాల గదుల్లో ఆడవాళ్ళని ఫోటోలు తీస్తున్నారని, ఆ ఫోటోలు ఎల్ పాసో బార్లలో గోడలకి అంటిస్తున్నారని అప్పటికే ఊరంతా చెప్పుకుంటున్నారు. జైలు మంటల్లో పోయినవాళ్ళు ఇంకా ఎవరి మనసులోంచీ పోలేదు. గంటలో రెండు వందల మంది ఆడవాళ్ళు పోగయ్యారు, మధ్యాహ్నానికి వేలల్లో అయ్యారు. ట్రామ్ పట్టాల మీద పడుకున్నారు. డ్రైవర్ల చేతుల్లోంచి మోటారు నడిపే పిడులు లాక్కున్నారు. ఇటు అమెరికా సైనికులొచ్చారు, అటు మెక్సికో వైపు నుంచి జనరల్ ముర్గియా గుర్రపు దళం వచ్చింది. ఆ దళానికి జనం పెట్టిన పేరు చావు దళం. వాళ్ళు కత్తులు దూసి ముందుకొస్తే ఆడవాళ్ళు కదల్లేదు, నవ్వారు, ఎగతాళి చేశారు.

పేపర్లు వీళ్ళని ఎర్ర జుట్టు గయ్యాళి నడిపించిందన్నట్టు రాశాయి. పదిహేడేళ్ళు. మా ఇంట్లో ఆ వయసులో నాకు ఒంటరిగా తెనాలి వెళ్ళడానికి పర్మిషన్ లేదు.

ఆ గొడవ ఒకటి రెండు రోజుల్లో అణిగిపోయింది. కార్మెలీటాని అరెస్టు చేశారు. తర్వాత ఆ పిల్ల ఏమైందో ఏ కాగితంలోనూ లేదు. స్నానాలు ఆగలేదు. ఆ ఒక్క ఏడాదిలోనే లక్షా 27 వేల పైచిలుకు మందికి వంతెన దగ్గర స్నానం చేయించారు. ఆ తర్వాత కూడా దశాబ్దాల పాటు సరిహద్దు మీద ఇది నడిచింది. టైఫస్ భయం ఎప్పుడో తగ్గిపోయినా ప్లాంటు మాత్రం ఉండిపోయింది. ఒకసారి కౌంటరు, మనిషి, చీటీ పుట్టాక వాటిని ఎత్తేయడం ఎంత కష్టమో ప్రభుత్వాఫీసులకి తిరిగినవాళ్ళకి చెప్పక్కర్లేదు.

ఇంకొక తేదీ దగ్గర కాసేపు ఆగిపోయాను. గొడవ జరిగిన వారానికి, 1917 ఫిబ్రవరి 5న, అమెరికా కాంగ్రెస్ ప్రెసిడెంట్ విల్సన్ వీటోని తోసేసి కొత్త ఇమిగ్రేషన్ చట్టం తెచ్చింది. మెక్సికన్లకి తలకి ఎనిమిది డాలర్ల పన్ను, చదవడం వచ్చా అని పరీక్ష. అదే చట్టంలో ఆసియా నిషేధ మండలం అని మ్యాపు మీద ఒక గీత గీశారు. ఆ గీత లోపల మన దేశం మొత్తం ఉంది. అంటే కార్మెలీటాకి వంతెన దగ్గర కిరసనాయిలు, మా ముత్తాతకి అసలు వంతెనే లేదు. (ఆయన రావాలనుకున్నాడని కాదు. కృష్ణ కాలవ దాటి వెళ్ళడమే ఆయనకి ప్రయాణం.) 1946లో ఆ తలుపు కాస్త తెరిచి, ఏడాదికి వంద మంది భారతీయులని రానిస్తామన్నారు. ఇప్పుడు డాలస్‌లో ఒక్క గుడి పార్కింగ్‌లోనే అంతమంది మనవాళ్ళు కనిపిస్తారు.

ఈ చరిత్రలో వాట్సాప్‌లో వంకరగా తిరిగే ముక్క ఒకటుంది. "నాజీల గ్యాస్‌ని అమెరికా మెక్సికన్ల మీద చల్లింది" అని. నేను చదివినంతలో సంగతి ఇది: 1929 నుంచి ఎల్ పాసోలో జైక్లాన్ బి అనే సైనైడ్ మందు వాడారు, మనుషుల మీద కాదు, విడిచిన బట్టల మీద, సామాను మీద, మూసిన గదుల్లో. అది పురుగుల మందుగా అమ్మిన సరుకే. ఆ ఎల్ పాసో గదుల ఫోటోలు 1930ల్లో జర్మనీలో పురుగుల నిర్మూలన మీద వచ్చే ఒక శాస్త్ర పత్రికలో బాగున్నాయన్న మెచ్చుకోలుతో అచ్చయ్యాయి. రాసినాయన గెర్హార్డ్ పీటర్స్, ఆ మందు అమ్మే కంపెనీ మనిషి. తర్వాత ఆ మందుతో నాజీలు మరణ శిబిరాల్లో ఏం చేశారో అందరికీ తెలుసు. ఉన్న నిజమే ఇంత బరువుగా ఉంటే దానికి ఇంకో అబద్ధం కలపడం దేనికో.

రెండో ప్రపంచ యుద్ధంతో కిరసనాయిలు పోయి డిడిటి వచ్చింది. దాని పురుగుల మందు గుణం స్విట్జర్లాండ్‌లో పాల్ ముల్లర్ 1939లో కనిపెట్టాడు. 1943-44 చలికాలంలో నేపుల్స్‌లో టైఫస్ వస్తే లక్షలమంది చొక్కాల్లోకి ఆ పొడి కొట్టి ఆపేశారు. అది మామూలు విజయం కాదు. అందుకే 1948లో ముల్లర్‌కి నోబెల్ కూడా వచ్చింది. ఇదే పొడి 1950ల్లో మళ్ళీ ఈ సరిహద్దుకి వచ్చింది. 1942 నుంచి 1964 దాకా అమెరికా పొలాల్లో పనికి మెక్సికో నుంచి కాంట్రాక్టు మీద మగవాళ్ళని తెచ్చుకున్నారు. వాళ్ళని బ్రసెరోలు అనేవాళ్ళు, అంటే చేతులతో పని చేసేవాళ్ళు. మొత్తం 45 లక్షలకి పైగా కాంట్రాక్టులు. ఎల్ పాసో పక్కనే సొకోర్రోలో రియో విస్టా అనే చోట వాళ్ళ రిసెప్షన్ సెంటర్ ఉండేది. లియొనార్డ్ నాడెల్ అనే ఫోటోగ్రాఫరు 1956లో టెక్సస్‌లోని హిడాల్గో సెంటర్లో తీసిన ఫోటో ఒకటి ఉంది. పొడుగాటి గదిలో బట్టల్లేని మగవాళ్ళు వరసగా నిలబడ్డారు. ముఖానికి మాస్కు కట్టుకున్న ఒకతను డిడిటి పొడి తిన్నగా ఒక మనిషి ముఖంలోకి కొడుతున్నాడు. ఆ మనిషి కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. మాస్కు ఉన్నది కొట్టేవాడికే.

డిడిటి మనకీ కొత్తేం కాదు. మా ఊళ్ళో "మలేరియా వాళ్ళొస్తున్నారు" అంటే ఇల్లంతా ఖాళీ చేయడం. బియ్యం డబ్బాలు, మంచాలు, దేవుడి పటాలు అన్నీ వాకిట్లోకి. భుజాన పంపు వేసుకున్నతను గోడలకి కొడితే తెల్ల చారలు పడేవి. వెళ్తూ వెళ్తూ తలుపు పక్కన తేదీ రాసేవాడు. అమ్మమ్మ ఆయనకి మజ్జిగ ఇచ్చేది. వంటింట్లో మాత్రం కొట్టనివ్వనని రెండు నిమిషాలు వాదించేది, ఒక్కోసారి నెగ్గేది కూడా. అమెరికా 1972లో దాన్ని నిషేధించింది. మన దగ్గర మలేరియా కోసం ఇంకా చాలా ఏళ్ళు కొట్టారు. గోడకి కొట్టినప్పుడు మనం మజ్జిగ ఇచ్చాం. అదే పొడి నన్ను బట్టలిప్పి నిలబెట్టి ముఖాన కొట్టి ఉంటే మజ్జిగ ఇచ్చేదాన్నా?

శుక్రవారం పొద్దున కొరియర్ ఆఫీసులో పాస్‌పోర్టు చేతికొచ్చింది. వీసా మీద పేరు స్పెల్లింగు మూడు సార్లు చూసుకున్నాను. వ్యాన్‌లో వెళ్ళొచ్చు, కానీ పంతులమ్మ చెప్పిన వంతెన మీదే నడుద్దామనిపించింది. పాసో దెల్ నోర్తే వంతెన, ఎల్ పాసో వాళ్ళు శాంతా ఫే వంతెన అంటారు. అవెనీదా హ్వారెస్ వీధి చివరికి వెళ్ళి, గేటు దగ్గర కొన్ని పెసోల చిల్లర వేసి నడక మొదలుపెట్టాను. దారిలో ఒక బండి మీద జామకాయలు కనిపిస్తే అరకిలో కొన్నాను. చిన్నవి, పసుపు రంగువి, సంచి విప్పకుండానే వాసన. ఆరేళ్ళుగా డాలస్‌లో అలాంటి జామకాయ వాసన చూడలేదు.

వంతెన మీద క్యూ. ముందు ఇద్దరు పిల్లలు బడి యూనిఫాంలో, చేతుల్లో కాగితాలు. వెనక ఒక ముసలాయన ప్లాస్టిక్ సంచుల్లో మందులు. కింద రియో గ్రాండే నది అంటారు గానీ సిమెంటు కాలవ, దాని మధ్యలో సన్నటి నీటి చార. మధ్యలో రెండు దేశాల హద్దు గుర్తుగా ఒక పలక. కార్మెలీటా పేరు ఎక్కడైనా కనిపిస్తుందేమోనని రెండు వైపులా చూస్తూ నడిచాను. నాకైతే కనిపించలేదు. ట్రామ్ పట్టాలు ఎక్కడుండేవో, ఆడవాళ్ళు ఎక్కడ పడుకున్నారో ఊహించుకోవడానికి ప్రయత్నించాను. చలిగాలి కొడుతోంది. ఇదే నెలలో, తడి జుట్టుతో, కుంచించుకుపోయిన బట్టల్లో పనికి వెళ్ళేవాళ్ళు.

లోపల నలుగురు ఆఫీసర్లు. నా వంతు వచ్చింది. నాలుగు వేళ్ళు గాజు మీద పెట్టమన్నారు. ఈసారి మొదటిసారికే పచ్చ లైటు, వాజిలిన్ మహిమ. పక్క గదిలో ఐ-94 (దేశంలోకి వచ్చినట్టు ఇచ్చే కాగితం) కోసం ఆరు డాలర్లు కట్టి కూర్చున్నాను. కాగితం పాస్‌పోర్టులో కుట్టి ఇచ్చారు. ఇక అయిపోయిందనుకుని లేస్తుంటే ఒకావిడ నా సంచి వైపు చూపించి, "పళ్ళేమైనా ఉన్నాయా?" అని అడిగింది.

ఉన్నాయన్నాను. బల్ల మీద పెట్టమంది. నీలం గ్లవుజులు వేసుకుని ఒక జామకాయ తీసి, తొడిమ దగ్గర తిప్పి చూసి, ఇవి రాకూడదంది. లోపల ఈగ గుడ్లు పెడుతుందట, పురుగులుంటాయట. మర్యాదగానే చెప్పింది. ఒక్కటి ఇక్కడే తినొచ్చా అని అడిగాను. నవ్వింది గానీ, కుదరదంది. అరకిలో జామకాయలు పసుపు రంగు డబ్బాలో పడ్డాయి.

బయటికొచ్చి మా ఆయనకి ఫోన్ చేశాను, తర్వాత అమ్మకి. స్టాంపింగ్ అయిందనగానే దేవుడికి దండం పెట్టుకుంది. నాకు అడగాలనిపించి అడిగాను, అమ్మమ్మ తలకి పట్టించింది ఉట్టి కిరసనాయిలా, ఇంకేదైనా కలిపేదా అని.

"ఇప్పుడదెందుకే? పాపకి పేలు పడ్డాయా?"

"లేదమ్మా. ఊరికే."

"సీతాఫలం గింజల పొడి కూడా పట్టించేది. నీకు అది కళ్ళల్లో పడి ఊరంతా లేపావు. ఆ రోజు నుంచి నువ్వు దువ్వెన చూస్తే పారిపోయేదానివి. మీ తాతయ్య వెనక దాక్కునేదానివి. అమ్మమ్మ ఇంక వద్దులే అని వదిలేసింది. చేత్తోనే తీసింది, నాలుగు రోజులు కూర్చుని."